కొయ్యి అనకముందే

కొమురెల్లికి చెట్టు మీద భయం లేదు. భయం లేకపోవడం మంచిదే, ఆ సంగతి ఊరంతా చాటుకోవడంతోనే వస్తుంది చిక్కు. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఏ టీ కొట్టు బల్ల మీద కూర్చున్నా, మూడు తరాలుగా తమ ఇంట్లో తాటిచెట్టు మీది నుంచి ఒక్కడంటే ఒక్కడు కింద పడలేదని మొదలుపెట్టేవాడు. తాత పడలేదు, తండ్రి పడలేదు, తను ఇరవై ఎనిమిదేళ్లు కల్లు గీశాడు, తనూ పడలేదు. వినేవాళ్లు లేచి పోయేదాకా ఆ కథ ఆగేది కాదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత ఇలాంటివాళ్లను చూసే పుట్టి ఉంటుంది.

తాటివనం కొట్టేసి ఆ జాగా ప్లాట్లు చేశాక, యాభై ఏళ్ల వయసులో అతను కృపాకర్ దగ్గర పనికి చేరాడు. కృపాకర్‌ది చెట్లు కోసే పని. ఒరిగి ఇంటి మీద ఆనినవి, కరెంటు తీగల్లో చిక్కినవి, అలాగే కూలిస్తే ఎవరి ప్రాణమో తీసేవి, అలాంటి చెట్లనే అతను ఒప్పుకుంటాడు. పైకెక్కి, రంపం మిషన్‌తో ముక్క తర్వాత ముక్క కోసి, ప్రతి ముక్కనూ తాడు మీద కిందికి దించుతాడు. జనగామ నుంచి భూపాలపల్లి దాకా ఎక్కడ గాలిదుమారం లేచినా మర్నాడు అతని ఫోన్ మోగుతుంది.

కృపాకర్ మాటలు తక్కువ మనిషి. ఎడమ చేతికి చిటికెన వేలు లేదు. ఎట్ల పోయిందని అడిగితే "ఒంటిచేత్తో కోసిన" అని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకుంటాడు. అందుకే మిషన్‌ను రెండు చేతులతో పట్టనివాణ్ని మధ్యాహ్నానికే ఇంటికి పంపేస్తాడు. మిషన్ నడుస్తున్నంతసేపు చెట్టు మీది మనిషి ఒంటికి రెండు తాళ్లు ఉండి తీరాలి. మిషన్ పళ్ల చైను పొరపాటున ఒక తాడును తాకిందంటే అది తెగడానికి రెప్పపాటు చాలు, అప్పుడు పట్టుకోవడానికి రెండోది ఉండాలి. వీటన్నిటి కంటే గట్టి నియమం ఇంకొకటి ఉంది. కోత పెట్టే ముందు పైనున్నవాడు "కోస్తున్న" అని కేకేయాలి. కింద దించుడు తాడు పట్టిన మనిషి అన్నీ చూసుకుని "కొయ్యి" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా చైను చెక్కను తాకకూడదు.

కింద తాడు పట్టేది సుమిత్ర. ముప్పై రెండేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. అంతకుముందు పత్తి మిల్లులో బస్తాలు మోసేది. తాడును చెట్టు మొదలుకు ఎన్ని చుట్లు వేస్తే ఎంత బరువు ఆగుతుందో ఆమెకు చేతి లెక్క. ఆ లెక్క ఇంతవరకూ తప్పలేదు. కానీ కొమురెల్లికి ఆమె మాట కోసం ఆగడమంటే ఒళ్లు మండేది.

"నేల మీద నిలవడ్డోళ్లు ఊ అనేదాక చెట్టు మీదోడు ఆగుడేంది కృపాకరూ? నా ఇరవై ఎనిమిదేండ్లల్ల నన్ను కొయ్యిమని ఎవలన్న చెప్పిండ్రా?" అని చేరిన వారం రోజులకే అడిగాడు.

"తాటిచెట్టు మీద నువ్వు కోసింది గెల అన్నా. గీడ కోసేది నువ్వు నిలవడ్డ చెట్టునే," అన్నాడు కృపాకర్.

కొమురెల్లి నవ్వేసి ఊరుకున్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న రకం.

ఇంకో విషయంలోనూ అతను మొండికేశాడు. కృపాకర్ ఇచ్చిన నడుం బెల్టు తొడుక్కున్నాడు గానీ, చెట్టు చుట్టూ వేసుకోవడానికి ఇచ్చిన నైలాను పట్టీని ముట్టలేదు. తన మోకు తనకుంది. మోకు అంటే గీత కార్మికుడి వీపునూ చెట్టునూ కలిపి చుట్టే లావుపాటి తాడు. దాని మీద వెనక్కి వాలి, కాళ్లు చెట్టుకు తన్నిపెట్టి, రెండు చేతులూ వదిలేసి పని చేసుకోవచ్చు. ఈ మోకును అతను స్వయంగా పేనుకున్నాడు, ఎల్లమ్మ పండుగనాడు దానికి బొట్టు పెట్టి మొక్కుతాడు. వాళ్లింట్లో ఒక కట్టుబాటు ఉంది, మోకుకు కత్తి తగలకూడదు. కొత్తది పేనినప్పుడు చివర మిగిలిన పోగును కూడా తెంపరు, లోపలికి మడిచి దోపుతారు. పాతబడితే గుడి వెనక వేలాడదీసి దండం పెట్టి వస్తారు గానీ కోయరు.

కృపాకర్ ఆ మోకును అటూ ఇటూ లాగి, బరువు వేసి చూసి, సరేనన్నాడు. "ఒక తాడు ఇది. రెండోది మాత్రం నేనిచ్చిందే ఉండాలె," అన్నాడు. అక్కడికి ఇద్దరికీ రాజీ కుదిరింది.

జూన్ మొదటి వారంలో దంతాలపల్లి అవతలి ఒక ఊరి బడి నుంచి ఫోన్ వచ్చింది. గాలిదుమారానికి అరవై అడుగుల జామాయిల్ చెట్టొకటి బడి వంటగది మీదికి ఒరిగింది. వేర్లు ఒక పక్క పైకి లేచాయి. ఇంకో గాలి వస్తే వంటగది నేలమట్టమే. గురువారం బడి తెరుస్తారు. ఆదివారం పొద్దున ముగ్గురూ ట్రాలీ ఆటోలో సామానేసుకుని దిగారు. పంతులు గేటు తాళాలిచ్చి, పిల్లలెవరూ ఇటు రాకుండా చూస్తానని ఊళ్లోకి వెళ్లిపోయాడు.

కృపాకర్ ఆ చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. దాని మొదలును ఇనుప తాడుతో వెనకున్న మర్రంత లావు చింతకు బిగించాడు. ఎనిమిది అడుగుల దూరంలో బలమైన వేపచెట్టు ఉంది. దాని మీదికెక్కి, ఎత్తులో గిలక కట్టి, దించుడు తాడును అందులోంచి తీసి వేప మొదలుకు చుట్టించి కొస సుమిత్ర చేతికిచ్చాడు. పన్నెండు గంటలయ్యేసరికి కొమురెల్లి జామాయిల్ కొమ్మలన్నీ ఒక్కొక్కటిగా దించేశాడు. ఇక వంటగది మీదికి వంగిన పొడుగాటి తల మిగిలింది. దించుడు తాడు రెండో కొసను ఆ తలకు కట్టేశాడు.

అప్పుడు కృపాకర్ కింది నుంచి చేయెత్తి ఆపాడు.

"అన్నా, ఇన్సేపు కొమ్మలు. ఇప్పుడు మాను. జామాయిల్ గుణం నీకెర్క లేదు, వంగిన జామాయిల్‌ను వెనక నుంచి కోస్తే నిలువున చీలుతది. కోసే జాగకు కింద ఒకటి, మీద ఒకటి ఇనుప పట్టాలు బిగించనిది మిషన్ పెట్టొద్దు. పట్టాలు బండ్లనే ఉన్నయ్. తెస్త, ఆగు. ఇంకోటి, పన్నెండు అడుగుల ముక్క కంటె పెద్దది తియ్యొద్దు. ఇంకో ఎనిమిదడుగులు మీదికి పోవాలె నువ్వు."

"సరే తియ్," అన్నాడు కొమురెల్లి.

ఆటో రోడ్డు మీద, గేటుకు చాలా దూరంలో ఉంది. కృపాకర్ అటు నడిచాడు. సుమిత్ర కుడిచేతి తోలు తొడుగు తీసి, మంచినీళ్ల డబ్బా ఎత్తింది. పొద్దుటి నుంచి ఎండకు ఆమె నోరు పిడచగట్టుకుపోయింది.

పైన కొమురెల్లి ఆకాశం చూశాడు. పడమట మబ్బు లేస్తోంది. గాలి ఇంకా రాలేదు గానీ వచ్చే వాసన వేసింది. అరగంటలో వాన వస్తే ఈ తల ఇలాగే ఉండిపోతుంది, రేపు మళ్లీ రావాలి. పైకి ఎనిమిది అడుగులు జరగాలంటే రెండో తాడు కొమ్మ మోడుకు చుట్టుకుని ఉంది, దాన్ని విడిపించాలి. విడిపించడానికి బెల్టు నుంచి ఊడదీశాడు. అది అలాగే మోడు మీద వేలాడుతూ ఉంది. మళ్లీ తగిలించుకోబోయి ఆగాడు. ఎందుకు జరగడం? ఇక్కడే కోస్తే పోలేదా? ఇరవై అడుగుల ముక్క అవుతుంది, అంతే కదా. సుమిత్ర తాడు మీద ఉంది. మోకు ఉంది. చెట్టు చీలుతుందట! అతను జన్మలో ఎన్ని వందల చెట్లు ఎక్కాడు, ఒక్కటన్నా చీలిందా?

నిజమే, చీలలేదు. తాటిచెట్టు చీలదు. దాని లోపలంతా పీచు. పిడుగు పడ్డా మోడుగా నిలబడుతుంది తప్ప నిలువునా విచ్చుకోదు. మోకు పుట్టిందే ఆ చెట్టు కోసం. తాటిచెట్టు ఎక్కినవాడు మాత్రమే చేయగల తప్పు అది, ఇంకెవరైనా అయితే చెట్టును కాస్త అనుమానంగా చూసేవాళ్లు.

"కోస్తున్నా!" అని అరిచాడు.

సుమిత్ర డబ్బా నోటి దగ్గర పెట్టుకునే తల ఎత్తింది. ఒక చేతికి తొడుగు లేదు. తాడు వేప మొదలుకు మూడే చుట్లు ఉంది, అది కొమ్మల బరువుకు వేసిన లెక్క. "ఆగన్నా! ఆగు!" అని డబ్బా పారేసి తాడు అందుకుంది. కొమురెల్లి చెవులకు శబ్దం ఆపే డిప్పలున్నాయి. అతనికి వినపడలేదు. వినపడేదాకా ఆగలేదు కూడా. వంగిన వైపు చిన్న గాటు పెట్టి, మాను వెనక వైపున మిషన్ ఆనించాడు.

చైను సగం లోపలికి పోయిందో లేదో, చెట్టు లోపలెక్కడో ఠప్‌మని పగిలింది.

ఆ చప్పుడు అతను చెవులతో వినలేదు, పక్కటెముకలతో విన్నాడు. తల ముందుకు వాలింది, తెగిపడలేదు. ఆ అదురుకు అతని చెవి డిప్పలు ఊడి కింద పడ్డాయి. కోత దగ్గర మాను నిలువునా చీలి, ఆ చీలిక అతని ఛాతీ ముందు నుంచి మోకు దాటి కిందికి దిగింది. ఒక చెక్క తలతో పాటు ముందుకు లేచింది, ఇంకో చెక్క అతని వైపు నిలిచింది. రెండింటినీ కలిపి చుట్టి ఉంది మోకు. చెక్కలు విచ్చుకుంటున్న కొద్దీ అది బిగుసుకుని, అతణ్ని వెనక నుంచి మానుకు అదిమేసింది. ఎడమవైపు ఏదో పటుక్కుమంది. అది చెట్టుది కాదు, తన ఎముకదని అతనికి తెలిసింది.

కేక వేయబోయాడు. గాలి లేదు. సగం ఊపిరి లోపలికి పోతుంది, మిగతా సగానికి చోటు లేదు.

మిషన్ కోతలో ఇరుక్కుని ఇంకా నడుస్తోంది. దాని వణుకు మానులోకి పోతోంది. వణికినప్పుడల్లా కింద చీలిక కిర్రుమంటోంది. ముందు దాన్ని ఆపాలి. కుడిచేయి మానుకూ పొట్టకూ మధ్య సగం ఇరుక్కుంది. చర్మం గీసుకుపోతున్నా లాగి బయటికి తీశాడు, చాచాడు. స్విచ్చుకు బెత్తెడు దూరంలో వేళ్లు ఆగాయి. ఉన్న కాస్త ఊపిరినీ వదిలేసి, ఒంటిని సన్నం చేసుకుని ఇంకా చాచాడు. బొటనవేలు తగిలింది. మిషన్ ఆగింది.

అప్పుడు నిశ్శబ్దంలో కింది నుంచి సుమిత్ర మూలుగు వినపడింది.

ఆమె వేపచెట్టు మొదట్లో దాదాపు పడుకుని ఉంది, రెండు కాళ్లూ వేర్లకు తన్నిపెట్టి, తాడును పొట్టకు హత్తుకుని. ఆ తాడు పైన వాలిన తలను పట్టి ఉంది. తల ఇంకా వాలితే చీలిన చెక్కను మీటలా ఎత్తుతుంది, మోకు ఇంకా బిగుస్తుంది, మనిషి నలిగిపోతాడు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకో చుట్టు వేస్తే బరువు ఆగుతుంది, కానీ వేయాలంటే చెట్టు చుట్టూ నడవాలి, నడిస్తే పట్టు జారుతుంది. మూడు చుట్ల మీద ఇరవై అడుగుల పచ్చి మాను. తాడు ఆమె చేతుల్లోంచి వేలెడు వేలెడు చొప్పున పోతోంది.

కృపాకర్ పట్టాలు విసిరేసి పరుగెత్తుకొచ్చాడు. ఒక్కసారి పైకి చూశాడు, ఒక్కసారి ఆమెను చూశాడు. ఎవరి దగ్గరికి పోవాలో తేల్చుకోవడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు గానీ, ఆ కాసేపట్లో అతని మొహం చూడలేకపోయింది సుమిత్ర.

"సుమిత్రా, ఎంతసేపు పట్టుకుంటవు?"

"నువ్వు ఎక్కన్నా... జల్ది ఎక్కు."

"జానెడు కూడ ఇడువకు."

పొద్దున గిలక కట్టినప్పటి తాడు వేపకు ఇంకా వేలాడుతూనే ఉంది. దానికి తన బెల్టు తగిలించుకుని, రెండో తాడు భుజాన వేసుకుని ఎక్కడం మొదలుపెట్టాడు. తొందరలో కూడా అతను ఒక్క కొక్కెం తగిలించడం మరవలేదు. కొమురెల్లి తల ఒకపక్కకు ఆనించి అదే చూస్తున్నాడు. కొక్కెం వేయడం, లాగి చూడడం, అప్పుడు జరగడం. ఎన్నిసార్లు నవ్వాడు ఆ పద్ధతిని చూసి! పిరికోడి పని అనేవాడు. ఇప్పుడు ఆ మనిషి ఎక్కడ తొందరపడతాడోనని, ఎక్కడ ఒక కొక్కెం మరిచి పడిపోతాడోనని వణికిపోతున్నాడు. అతను పడితే ఇక తన దగ్గరికి వచ్చేవాడు భూమ్మీద లేడు.

భయం వేసింది. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి, చెట్టు మీద, కొమురెల్లికి భయం వేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోవాలన్న ధ్యాస కూడా లేదు.

కృపాకర్ అతని ఎత్తుకు వచ్చాడు. మధ్యలో ఎనిమిది అడుగుల ఖాళీ. అంతకంటే దగ్గరికి వచ్చి ఆ చీలిన చెట్టు మీద ఇంకొక మనిషి బరువు వేయడానికి లేదు.

"అన్నా, నన్ను సూడు. తాడు ఇసురుత. ఎడమ దిక్కు బెల్టుకు కడెం ఉంది గద, దానికి కొక్కెం తగిలియ్యాలె. మాట్లాడకు. సైగ చెయ్యి సాలు."

కొమురెల్లి కళ్లు మూసి తెరిచాడు.

మొదటిసారి విసిరిన తాడు మానుకు కొట్టుకుని కిందికి జారింది. కృపాకర్ దాన్ని చేతికి చుట్టుకుంటూ పైకి లాగుతుండగా కింది నుంచి సుమిత్ర కేక వినిపించింది, మాటలేవీ లేని కేక. తల ఒక్కసారి జానెడు వాలింది. మోకు ఇంకో వేలు బిగిసింది. కొమురెల్లి కళ్ల ముందు తెల్లగా అయిపోయింది. ఇక అంతే అనుకున్నాడు. అంతలో వాలడం ఆగింది. ఎట్లా ఆగిందో అతనికి తెలియదు.

రెండోసారి విసిరిన తాడు అతని భుజం మీద పడింది. ఎడమచేత్తో పట్టుకున్నాడు. కొక్కెం దొరికింది గానీ కడెం కనపడదు. వీపు వైపు, మోకు కింద, తడుముకుంటూ వెతకాలి. చెమటకు వేళ్లు జారుతున్నాయి. ఒకసారి తగిలించి టక్కుమన్నట్టు అనిపించింది.

"గుంజి సూడు," అన్నాడు కృపాకర్. అతని గొంతులో తొందర లేదు. "సూసినంకనే తలకాయ ఊపు."

గుంజాడు. ఊడి వచ్చింది. కడేనికి కాదు, బెల్టు గుడ్డ మడతకు తగిలించాడు. గుంజి చూడమనకపోతే ఆ మడతను నమ్ముకుని ఉండేవాడు. మళ్లీ తడిమాడు. చల్లటి ఇనుము తగిలింది. టక్. గుంజాడు. ఆగింది. మళ్లీ గుంజాడు. తల ఊపాడు.

కృపాకర్ అవతలి నుంచి తాడు బిగించి వేపకు కట్టాడు.

"ఇగ మోకు కొయ్యి అన్నా. కుడి దిక్కు కొయ్యి. కోసినంక నా దిక్కు ఊగుతవు. కాళ్లు ముందల పెట్టుకో."

గీత కత్తి నడుము వెనక డబ్బాలో ఉంది, ఎప్పుడూ ఉండేదే. కొమురెల్లి దాన్ని తీశాడు. కుడిచేయి మోకు దాకా పోయింది. అక్కడ ఆగిపోయింది.

ఇది ఎల్లమ్మ మీది భక్తి అని ఎవరైనా అంటే కొమురెల్లే ఒప్పుకోడు. ఆ క్షణంలో అతనికి ఎల్లమ్మ యాదికి రాలేదు. చేయి కదలలేదు, అంతే. చిన్నప్పటి నుంచి తనను పట్టి నిలిపింది మోకు ఒక్కటే. తెల్లారుజామున మంచులో, నడి ఎండలో, జ్వరంతో ఎక్కిన రోజుల్లో, వీపు వెనక ఉన్నది అదే. అది తనను చంపుతోందని బుద్ధికి తెలుసు, ఒంటికి తెలియదు. నలభై అడుగుల ఎత్తున దాన్ని తన చేత్తో కోసుకోవడానికి ఒళ్లు ఒప్పుకోలేదు. ఎవరో ఇచ్చిన, ఒక్కనాడూ నమ్మని, పొద్దుట్నుంచీ ఊడదీసి పారేయాలని చూసిన నైలాను తాడు మీదికి ప్రాణాన్ని మార్చుకోవాలి.

"నువ్వే... కొయ్యి," అన్నాడు గాలి లేని గొంతుతో.

"నాకు అందది అన్నా."

నిజమే, అందదు. కృపాకర్ తాడు బిగువు మరోసారి చూశాడు.

"అన్నా!" అని కింది నుంచి సుమిత్ర ఏడుస్తూ అరిచింది. "జారుతాంది! నాతోని అయితలేదు, జారుతాంది అన్నా!"

ఆ గొంతుకు కొమురెల్లి చేయి కదిలింది. కత్తి మోకు మీద ఆనించి ఒక్క లాగు లాగాడు. రోజూ నూరే కత్తి. అంత బిగుసుకున్న మోకు కత్తి సగం దిగేలోపే మిగతా సగం తనంతట తనే పట్‌మని తెగింది.

కాళ్ల కింద ఏమీ లేదు. ఊగాడు. వేప మాను ఎదురుగా వచ్చి ఎడమ భుజానికి బలంగా తగిలింది, కృపాకర్ చెయ్యి అతని బెల్టు పట్టుకుంది.

"సుమిత్రా, ఇడువు! ఇడిసి ఉరుకు!"

ఆమె వదిలేసి పరుగెత్తింది. తాడు పాములా గిలక దాటి పైకి పోయింది. జామాయిల్ తల కిందికి వాలి, చెక్కను మొదలు దాకా చీల్చుకుంటూ వంటగది మూల మీద పడింది. సిమెంటు రేకులు నుగ్గయ్యాయి. మోకు ముక్క రెండు చెక్కల మధ్య ఎక్కడో నలిగి కనపడకుండా పోయింది. గాలి అప్పుడు వచ్చింది, దాని వెంట వాన.

అతణ్ని కిందికి దించడానికి ఇంకో పావుగంట పట్టింది. నేల మీద కాలు పెట్టగానే కూలబడ్డాడు. పంతులు, ఊరివాళ్లు గొడుగులతో ఉరికొచ్చారు. ఎవరో నీళ్లిచ్చారు, ఎవరో దేవుడు కాపాడిండన్నారు. కొమురెల్లి సుమిత్ర కోసం చూశాడు. ఆమె గేటు పక్కన వానలో కూర్చుని, రెండు చేతులూ ఆకాశం వైపు తెరిచి పెట్టుకుంది. ఎడమచేతి తోలు తొడుగు అరిగి చిరిగింది. కుడిచేతికి తొడుగే లేదు. వాన నీళ్లు ఆ అరచేతిలో ఎర్రగా నిండి పొర్లుతున్నాయి.

మహబూబాబాద్ దవాఖానలో సాయంత్రానికి అతనికి ఛాతీ చుట్టూ పట్టీ వేశారు. రెండు పక్కటెముకలు విరిగాయి, లోపల ఏమీ కాలేదన్నారు. సుమిత్రకు కుడి అరచేతిలో తోలు ఎముక కనపడేంత పోయింది. వేళ్లు పూర్తిగా ముడవడానికి నెలలు పడతాయనీ, ముడుచుకోకపోనూ వచ్చనీ చెప్పి, రెండు చేతులకూ మణికట్టు దాకా తెల్ల కట్లు కట్టారు. కృపాకర్ బయట నిలబడి ఆమె భర్తతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. ఆసుపత్రి ఖర్చు, ఆమె కూలి అంతా తనే చూసుకుంటానని పదేపదే చెబుతున్నాడు. కొమురెల్లిని మాత్రం ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని కొమురెల్లికి ఉంది.

వరండా బల్ల మీద ఇద్దరే మిగిలారు. క్షమించమని అడగాలని అతను మూడుసార్లు నోరు తెరిచాడు. ఇంత చేసి ఆ ఒక్క ముక్క అనడానికి సిగ్గేసింది.

"అన్నా, ఒక మాట చెప్త, కోపం చెయ్యకు," అంది సుమిత్ర, కట్ల వైపు చూసుకుంటూ.

"చెప్పు బిడ్డా."

"కృపాకరన్న మొదలు ఇసిరిన తాడు నీకు అందలె సూడు. అప్పుడు ఇడిసిపెడుదామనుకున్న. ఉట్టిగ కాదు, నిజంగనే అనుకున్న. చెయ్యి కాలుతాంది. నా పిల్లలు యాదికొచ్చిండ్రు. నేను కొయ్యి అననే లేదు, ఈయన కోసిండు, ఈయన చేసినదానికి నా చేతులెందుకు పోవాలె అనుకున్న. అనుకున్ననో లేదో, జానెడు జారింది. అది జారలేదన్నా. నేనే ఇడిసిన. మళ్ల ఎందుకు పట్టుకున్ననో నాకే తెల్వది."

కొమురెల్లి ఆ జానెడును తన ఎముకల్లో గుర్తు తెచ్చుకున్నాడు. కోపం వస్తుందేమోనని ఎదురుచూశాడు, రాలేదు. ఆమె చోట తను ఉండి, పైన ఆమె ఉండి ఉంటే ఏమయ్యేదో ఆలోచించాడు. పొద్దున టీ కొట్టు దగ్గర అయితే ఇంకో జవాబు చెప్పేవాడే.

"నేనైతే మళ్ల పట్టుకోకపోదును సుమిత్రా," అన్నాడు.

"నాకెర్కే అన్నా," అంది ఆమె.